బ్రిడ్జ్ కాల్‌లో ఎవరి పేరు చెప్తారు

ఒక టీమ్ లీడ్ ఎలాంటివాళ్ళో తెలియాలంటే అప్రైజల్ టైమ్‌లో కాదు, ప్రొడక్షన్ ఇష్యూ, అంటే జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లోనే సమస్య, వచ్చిన రాత్రి అందరూ కలిసి దాన్ని సరిచేసే ఫోన్ మీటింగ్, అదే బ్రిడ్జ్ కాల్‌లో వినాలి. పాత ప్రాజెక్ట్‌లో మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రాసిన డేటాబేస్ స్క్రిప్ట్ వల్ల పేమెంట్లు ఆగిపోయాయి, క్లయింట్ వైపు పెద్దవాళ్ళంతా కాల్‌లోకి వచ్చేశారు, "ఇది ఎవరు చేశారు" అని ఒకాయన గట్టిగా అడిగాడు. మా లీడ్ మేడమ్ ఒక్క క్షణం కూడా ఆగకుండా "రివ్యూ చేసి అప్రూవ్ చేసింది నేనే, ముందు రోల్‌బ్యాక్ చేద్దాం, మిగతాది రేపు మాట్లాడుకుందాం" అన్నారు (రోల్‌బ్యాక్ అంటే చేసిన మార్పుని వెనక్కి తీసేయడం). ఆ అమ్మాయి మ్యూట్‌లో ఉంది, నాకు చాట్‌లో "నా పేరు చెప్పలేదు" అని మాత్రం టైప్ చేసింది. తర్వాత మైగ్రేషన్ (పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారడం) సాఫీగా అయిపోయాక క్లయింట్ మెచ్చుకుంటుంటే మేడమ్ ఆ అమ్మాయి పేరు చెప్పి, డెమో కూడా తన చేతే ఇప్పించారు.

దీనికి మన శ్రీహరికోటలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం ఫెయిలై రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది, ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం గారు, కానీ ప్రెస్ ముందు కూర్చుని బాధ్యత నాదే అన్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం ప్రెస్‌తో నువ్వే మాట్లాడు అని కలాం గారినే పంపారు. కలాం గారు ఈ సంగతి ఎన్ని సభల్లో చెప్పారో! 2002 నుంచి శ్రీహరికోటలోని ఆ రాకెట్ ప్రయోగ కేంద్రానికి (షార్) ధావన్ గారి పేరే ఉంది.

నెట్‌వర్కింగ్ అని అందరూ అంటుంటారు కదా, నేను చూసిన అసలైన నెట్‌వర్క్ ఆ మేడమ్‌ది. కంపెనీ మారాక ఆవిడ టీమ్‌లోకి మనుషులు కావాలని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెడితే పాత టీమ్‌లో సగం మంది రెజ్యూమేలు పంపేశారు, జీతం ఎంతో కూడా అడక్కుండా.

అందుకే జూనియర్లు రిఫరల్, అంటే మన కంపెనీలో ఉద్యోగానికి మన సిఫారసు, అడిగితే విసుక్కునే సీనియర్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. హైదరాబాద్ ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటూ మైత్రీవనం దగ్గర కోర్సు చేసే పిల్లలకి తెలిసినవాళ్ళు ఎవరుంటారు చెప్పండి, మనలో చాలామందికి కూడా ఎవరో ఒక అన్న రెజ్యూమే ముందుకి తోస్తేనే కదా మొదటి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది. కుదరకపోతే కుదరదని ఒక్క లైన్ రాయండి, ఆ పిల్లలు ఇంకొకళ్ళని అడుగుతారు.

అడిగే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకూ ఒక మాట. "అన్నా ఓపెనింగ్స్ ఉన్నాయా" అంటే ఎవరూ ఏం చెయ్యలేరు, కెరీర్స్ పేజీలో జాబ్ ఐడీ వెతికి పట్టుకోండి, రెజ్యూమే పీడీఎఫ్, ఆ పనికి మీరెందుకు సరిపోతారో రెండు లైన్లు, అన్నీ ఒకే మెసేజ్‌లో పంపండి. ఇంకోటి, రిఫరల్ అడగాలనుకుంటే ముందే మీరు అప్లై చేసేయకండి, చాలా కంపెనీల పోర్టల్స్ అలాంటి ప్రొఫైల్‌ని మళ్ళీ రిఫరల్ కింద తీసుకోవు. వారం దాకా జవాబు రాకపోతే ఇంకోసారి గుర్తు చెయ్యండి, మొహమాటపడాల్సిన పనేం లేదు, రిలీజుల హడావిడిలో మర్చిపోయి ఉంటారు అంతే.