నొప్పి నిజమే, రిపోర్టులూ నిజమే

మొదట ఛాతీలో పోటు వచ్చింది. ఈసీజీ తీశారు, ఎకో చేశారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. అన్నీ నార్మల్. ఆ రోజు హాయిగా నిద్రపోయాను. మూడో రోజుకి మళ్లీ అదే పోటు. పరీక్ష చేసిన తర్వాత మొదలైందేమో అని అనుమానం. ఏడాదిన్నరలో నలుగురు డాక్టర్లను మార్చాను. జబ్బు తేలలేదు గానీ ఫైలు మాత్రం లావెక్కింది.

రాత్రి రెండు గంటలకు లేచి, మెడ మీద రెండు వేళ్లు ఆనించి నాడి లెక్కపెట్టేవాణ్ణి. 92. తప్పు లెక్కపెట్టానేమో అని మళ్లీ చూస్తే 104. భయపడితే పెరుగుతుందని తెలియక కాదు, తెలిసే. దవడ కింద గడ్డ ఉందేమోనని రోజూ అదేపనిగా నొక్కి నొక్కి, చివరికి అక్కడ చర్మం కందిపోయి నిజంగానే నొప్పి పట్టుకుంది. దానికో స్కాన్!

ఇంట్లోవాళ్లు "నీకేం లేదు, అంతా నీ భ్రమ" అనేవారు. ధైర్యం చెప్పాలనే అనేవారు, కానీ నాకు అబద్ధాలకోరు అన్నట్టే వినిపించేది. ఫిజీషియన్ సైకియాట్రిస్టుకు చీటీ రాసిచ్చినప్పుడూ అంతే, ఒళ్లు మండింది. ఆ చీటీ నెల రోజులు పర్సులోనే నలిగింది.

సైకియాట్రిస్టు నొప్పి ఉందా లేదా అని అడగనేలేదు. "నొప్పి ఉంది, సరే. దాని వెనకాల రోజుకి ఎన్ని గంటలు పోతున్నాయి?" అన్నారు. వెతకడం, నొక్కి చూసుకోవడం, అందరినీ అడగడం, అన్నీ కలిపితే దాదాపు ఐదు గంటలు. చెప్పడానికి సిగ్గేసింది.

పేరు సోమాటిక్ సింప్టమ్ డిజార్డర్. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకంలో ఈ పేరు పెట్టారు. పరీక్షల్లో ఏమీ దొరకకపోతేనే ఈ పేరు పెడతారని కాదు, నిజంగా గుండెజబ్బు ఉన్నవాళ్లకూ ఇది ఉండొచ్చు. లక్షణం గురించిన ఆలోచన, భయం హద్దు దాటి, మామూలుగా 6 నెలలకు మించి సాగితే ఇదని చూస్తారు.

సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, మొదలైంది. ఆందోళన, డిప్రెషన్‌లకు వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మాత్ర కూడా ఒకటి ఇచ్చారు, దాని గుణం కనబడటానికి కొన్ని వారాలు పట్టింది. కానీ నన్ను మార్చింది ఇంకో ఏర్పాటు: ఒకే ఫిజీషియన్, నొప్పి ఉన్నా లేకున్నా నాలుగు వారాలకోసారి. మధ్యలో ఏమొచ్చినా నోట్‌బుక్‌లో రాసుకోవాలి. చెమటలు, ఆయాసం, చేతికి పాకే నొప్పి లాంటివి వస్తే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలని మొదటి పేజీలో ఆయనే రాశారు. విడ్డూరంగా అనిపించింది. బాగున్నప్పుడు డాక్టర్ దగ్గరికెందుకు? కానీ నొప్పి వస్తేనే డాక్టరు అన్న లంకె అక్కడే తెగింది. మొదటి నెల పదిహేను పేజీలు నిండాయి. అందులో సగం నేను చదివి వినిపించే వేళకే పాతబడిపోయాయి.

నాడి చూసుకోవడం మానడం అన్నిటికంటే కష్టమైంది. మొదట పది నిమిషాలు వాయిదా, తర్వాత అరగంట. ఆ అరగంటలో కాళ్లు వణికేవి.

నిన్న రాత్రి మళ్లీ పోటు వచ్చింది. చెయ్యి మెడ దాకా వెళ్లింది. అపాయింట్‌మెంట్‌కి ఇంకా పదకొండు రోజులుంది. నోట్‌బుక్‌లో ఒక లైను రాసి, అటు తిరిగి పడుకున్నాను.