బరంపురం నుంచి జర్మనీకి: 992 యూరోల లెక్క

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి జర్మనీకి చదువుకి పంపేవాళ్ల ఇళ్లలో వినపడే మాట ఒకటే: బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేసేశాం, నెలకి 992 వస్తాయి, ఇంక బెంగ లేదు. బ్లాక్డ్ అకౌంట్ అంటే ఏడాది ఖర్చు ముందే వేసి, నెలనెలా ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా. మ్యూనిక్ లాంటి ఖరీదైన ఊరు కాకపోతే, పొదుపుగా ఉంటే అది సరిపోతుంది. చేతులు కట్టేసేది మొదటి నెలన్నర.

ఆ 992 రావాలంటే అక్కడ మామూలు బ్యాంకు ఖాతా కావాలి. ఖాతా తెరవడానికి చాలా బ్యాంకులు అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు కాగితం, అడుగుతాయి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అది చేయించాలి, దానికి ఇంటాయన సంతకం పెట్టిన ఫారం ఉండాలి. తాత్కాలికంగా దిగిన గదికి ఆ ఫారం చాలామంది ఇవ్వరు. అక్కడ ఆగిందంటే వెనకున్నవన్నీ ఆగినట్టే. అద్దె, అడ్వాన్సు మాత్రం ఆగవు. హీటింగు, నీళ్లు కలపని అద్దెకి మూడు రెట్ల దాకా అడ్వాన్సు అడగొచ్చు. దాన్ని మూడు నెలవాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది, మనం అడగందే ఎవరూ చెప్పరు. అందుకని ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డులో, రెండు నెలల ఖర్చు విడిగా ఉంచుకుని బయల్దేరాలి.

తప్పని ఖర్చుల్లో ఒకటి ఆరోగ్య బీమా, నెలకి 140 యూరోల పైమాటే. టీవీ లేకపోయినా రేడియో-టీవీ రుసుము 18.36 కట్టాలి. అది ఇంటికి ఒకటే, కలిసుండేవాళ్లు పంచుకోవచ్చు.

సామాన్లలో బియ్యం, పప్పు మోయడం దండగ. కారం, ఇంగువ, చోడిగుండ (రాగిపిండి), మన అప్పడాలు పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు, కస్టమ్స్‌లో దొరికితే చెత్తబుట్టకే. పచ్చి కరివేపాకూ అంతే. గోపాలపురం ఎండుచేపలకి మాత్రం అడ్డు లేదు. పక్కగది వాళ్ల సంగతి మీరే చూసుకోవాలి.

పప్పుకి టర్కీ వాళ్ల కొట్టుకి వెళ్లండి. ఎర్ర మసూర్ పప్పు పెద్ద సంచుల్లో చవగ్గా దొరుకుతుంది, కుక్కర్ లేకుండానే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది. సూపర్‌మార్కెట్లో మిల్ష్‌రైస్ అని పొట్టి బియ్యం అమ్ముతారు. పెరుగన్నానికి, పొంగలికి బావుంటుంది, పులిహోరకి పనికిరాదు, ముద్దయిపోతుంది.

కుక్కర్ కొనేముందు అయస్కాంతం అడుగున పెట్టి చూడండి. అంటుకోకపోతే ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. ఇండక్షన్ కాని గాజు పలక పొయ్యి అయితే అల్యూమినియం కుక్కరూ నడుస్తుంది. కాకపోతే స్విచ్ కట్టినా దాని వేడి చాలాసేపు పోదు, పోపు మాడిపోతుంది. ఆవాలు చిటపటలాడగానే మూకుడు పక్కకి దించేసి, ఎండుమిర్చి ఆ నూనె వేడిలోనే వేయాలి. కిటికీ తెరవండి, వసారా వైపు తలుపు మాత్రం మూసే ఉంచండి. వసారాలో పొగ అలారం మోగితే, కొన్ని హాస్టళ్లలో నేరుగా ఫైరింజన్ వచ్చేస్తుంది. ఆ బిల్లు మీ నెత్తిన పడొచ్చు.