కాయ చచ్చినప్పుడు ఏడ్చే పిల్లల గురించి

సెలవుల్లో పిల్లలతో అష్టాచెమ్మా ఆడండి. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు చాలు. గరుకు గచ్చు మీద ఒక వైపు తెల్లపప్పు కనబడేదాకా అరగదీయాలి. ఆ పని పిల్లలకే ఇవ్వండి, వేళ్ళకి పట్టు వస్తుంది. సుద్దముక్కతో అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గళ్ళు గీస్తే పటం సిద్ధం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు; నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది.

అయిదారేళ్ళ వాళ్ళకి పటం మీద నడపడానికి తలా నాలుగు కాయలు ఎక్కువ. ఆట సాగి సాగి విసుగొస్తుంది. రెండేసి పెట్టండి.

అసలు పాఠం కాయ చచ్చినప్పుడు, అంటే ఎదుటివాళ్ళ కాయ వచ్చి దాన్ని కొట్టేసినప్పుడు. పెదవి వణుకుతుంది, చెయ్యి పిక్కల్ని విసిరేయబోతుంది. అప్పుడు "ఆటే కదా, ఏడుపెందుకు?" అనకండి. "ఇంటిదాకా వచ్చాక చచ్చింది, బాధగానే ఉంటుంది నాన్నా" అని కాసేపు ఆగండి. ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ పందెం వేయించండి. పెద్దవాళ్ళు కావాలని ఓడిపోతే పిల్లలు ఇట్టే పట్టేస్తారు, ఆ గెలుపు వాళ్ళకి రుచించదు. దానికి బదులు అష్టా, చెమ్మా పడకుండానే వాళ్ళ కాయను పటంలోకి దింపనివ్వండి.

పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళని అమ్మమ్మకి జోడీగా కూర్చోబెట్టండి. మార్కుల ఊసెత్తొద్దు. చూపు పటం మీద ఉన్నప్పుడు మాటలు తేలిగ్గా వస్తాయి, మధ్యలో అందుకోకుండా వినండి. పెద్దవాళ్ళ ఫోన్లు కూడా పక్క గదిలోనే ఉండాలి.

మూడేళ్ళలోపు పిల్లలుంటే ఆట అయ్యాక పిక్కలు లెక్కపెట్టి తీసేయండి. గొంతులో అడ్డం పడతాయి.