నెపం తల్లి మీదేనా?

రసాయనాలు గర్భస్థ పిండానికి హాని చేస్తాయా లేదా అని తేల్చే పరీక్షల నివేదికలను చదవడం నా ఉద్యోగంలో భాగం. వాటిలో ఒక వాదన తరచుగా ఎదురవుతుంది. అత్యధిక మోతాదు వద్ద పిండాలలో కనిపించిన మార్పులు తల్లి జంతువులు జబ్బుపడినందువల్ల కలిగినవే తప్ప రసాయనం నేరుగా చేసిన హాని కాదని దాని సారాంశం. కొన్నిసార్లు అది నిజమే. కానీ ఆధారం చూపకుండా ఆ మాట రాసినప్పుడు ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

ఈ రంగంలో ఎక్కువగా వాడే పద్ధతి ఓఈసీడీ (ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం ఏర్పడిన దేశాల సంస్థ) 414వ మార్గదర్శకం. పిండం గర్భాశయపు గోడకు అతుక్కున్న నాటి నుంచి ప్రసవం దగ్గరపడే దాకా చూడి ఎలుకలకు రసాయనాన్ని ఇస్తారు. కనీసం మూడు మోతాదులు, వాటితో పోల్చడానికి రసాయనం ఇవ్వని ఒక గుంపు, ఒక్కో గుంపులో సుమారు 20 చూడి ఎలుకలు ఉంటాయి. సాధారణంగా కుందేళ్ల మీద కూడా ఇదే పరీక్ష జరుపుతారు. రెండో జాతి ఎందుకన్న ప్రశ్నకు థాలిడొమైడ్ ఒక్కటి చాలు. 1957లో జర్మనీ మార్కెట్‌లోకి వచ్చి 1961 నవంబరులో వెనక్కి వెళ్లిన ఆ మందు వేలమంది పిల్లలను కాళ్లూ చేతులూ సరిగా ఎదగని స్థితిలో పుట్టించింది. ఎలుకలలో మాత్రం ఆ లోపాలు కనిపించవు, కుందేళ్లలో కనిపిస్తాయి. ఆ మందు సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని 2010లో తెలిసింది. ఎలుక జాతులలో ఆ ప్రోటీన్ కాస్త భిన్నంగా ఉండటం ఈ తేడాకు ఒక కారణం.

ప్రసవానికి ముందు రోజు తల్లిని చంపి గర్భాశయాన్ని బయటకు తీశాక అసలు పని మొదలవుతుంది. అండాశయాల మీద పసుపుపచ్చని బొడిపెల్లా ఉండే కార్పోరా లూటియాను లెక్కపెడితే ఎన్ని అండాలు విడుదలయ్యాయో తెలుస్తుంది. ఆ సంఖ్యలోంచి గర్భాశయంలో అతుక్కున్న చోట్ల సంఖ్యను తీసివేస్తే మొదట్లోనే ఎన్ని పోయాయో తేలుతుంది. బయటికి ఖాళీగా కనిపించే గర్భాశయాన్ని కూడా పారేయకుండా అమ్మోనియం సల్ఫైడ్ ద్రావణంలో ఉంచుతారు. పిండం అతుక్కుని కొద్ది రోజులకే కరిగిపోయిన చోట్లు నల్లని మచ్చలుగా బయటపడతాయి. ఎలుక పిండాలలో సుమారు సగాన్ని లోపలి అవయవాల పరిశీలనకు కేటాయిస్తారు. మిగతా సగానికి క్షార ద్రావణంతో కండను పారదర్శకం చేసి, ఎముకకు ఆలిజరిన్ రెడ్‌తో ఎరుపు, మృదులాస్థికి ఆల్షియన్ బ్లూతో నీలం రంగు ఎక్కిస్తారు. గాజు పాత్రలో తేలే ఆ చిన్న అస్థిపంజరాలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క పక్కటెముక చొప్పున చూసే మనిషికి ఉండాల్సిన ఓపిక అంతా ఇంతా కాదు.

లెక్కలు కట్టేటప్పుడు మాత్రం పిండాన్ని కాక, ఒక తల్లి ఈతను ఒక యూనిట్‌గా తీసుకోవాలి. ఆరు పిండాలలో లోపం ఉందంటే, ఆ ఆరూ ఒకే తల్లివా, ఆరుగురు తల్లులవా అన్నదాన్ని బట్టి అర్థం పూర్తిగా మారిపోతుంది.

ఇక తల్లి జబ్బు సంగతి. ఎలుక తిండి తగ్గిస్తే పిండాల బరువు తగ్గడం, రొమ్ము ఎముక గట్టిపడటం ఆలస్యమవడం వాస్తవమే. కుందేలైతే తిండి బాగా తగ్గినప్పుడు గర్భస్రావం కూడా అవుతుంది. రసాయనం తీసుకున్న గుంపు ఎంత తిన్నదో అంతే మేతను మాత్రమే పెట్టిన మరో గుంపును పక్కన ఉంచి, అక్కడా అవే మార్పులు వచ్చాయని చూపిస్తే నాకు అభ్యంతరం లేదు. అంగిలి చీలికకో, అవయవాల లోపానికో కూడా తల్లి బరువు కొద్దిగా తగ్గడాన్నే కారణంగా చూపినప్పుడు నమ్మబుద్ధి కాదు. తల్లికి విషప్రభావం ఉన్నంత మాత్రాన పిండానికి జరిగిన హానిని కొట్టిపారేయరాదని, అది తల్లి వల్లనే వచ్చిందని నిస్సందేహంగా చూపాలని రసాయనాల వర్గీకరణకు సంబంధించిన జీహెచ్‌ఎస్ నియమాలు కూడా చెబుతున్నాయి. జపాన్‌లోని మినమాటాలో మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషం దీనికి పూర్తి విరుద్ధమైన దృశ్యాన్ని చూపించింది. తల్లులలో లక్షణాలు స్వల్పంగానో, అసలు లేకుండానో ఉండగా, వారికి పుట్టిన పిల్లల మెదళ్లు తీవ్రంగా దెబ్బతిన్నాయి. విషాలను మావి అడ్డుకుంటుందన్న ఆనాటి నమ్మకం వల్ల ఆ సంబంధాన్ని గుర్తించడంలో చాలా ఆలస్యం జరిగింది.

కాబట్టి తల్లి బరువు పట్టిక దగ్గర నేను మొదట వెదికేది గర్భాశయం బరువును తీసివేశాక మిగిలిన అంకె. గర్భంతో ఉన్న జంతువు మొత్తం బరువు పెరగలేదంటే అది తిండి తినలేదని అర్థం కావచ్చు, లోపల పిల్లలు చనిపోయాయని కూడా కావచ్చు. సవరించిన బరువు మామూలుగా ఉండి మొత్తం బరువు మాత్రమే తగ్గిన చోట తల్లి జబ్బుపడిందని రాయడం కార్యాన్నే కారణంగా చూపడం అవుతుంది. అలాంటి నివేదికను ఈతల వారీ పట్టికలు జతచేసి మళ్లీ పంపమని తిప్పి పంపుతాను.