ముందు 1930, తర్వాతే బ్యాంకు

ఖమ్మంలో ఉండే మా బాబాయి రిటైర్డ్ టీచర్. ఆయన ఆధార్ మీద తీసిన సిమ్‌తో ముంబైలో మోసం జరిగిందని ఒక రోజు ఫోన్ వచ్చింది. కాసేపటికి వాట్సాప్ వీడియో కాల్‌లో పోలీస్ యూనిఫాం వేసుకున్నవాడు కనిపించి, "మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, గది దాటొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" అన్నాడట. వెరిఫికేషన్ పేరుతో బాబాయి చేత రెండు లక్షలు పంపించుకున్నాడు.

మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఆ సంగతి పక్కన ఎవరైనా ఉంటే చెప్పేవాళ్లే. అందుకే వాళ్లు ముందు మనిషిని ఒంటరిని చేస్తారు.

పిన్ని తలుపు కొట్టి కొట్టి తీయించి, నాకు ఫోన్ చేసింది. "బ్యాంకుకి వెళ్లమంటావా?" అంది. "పిన్నీ, బ్యాంకు తర్వాత. ముందు ఆ కాల్ కట్ చేసి, డబ్బు కట్ అయిన మెసేజ్ నాకు పంపించు" అన్నాను. నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కలిపాను. మొదట లైన్ బిజీ వచ్చింది, వదలకుండా చేస్తే దొరికింది. ఎంత పోయింది, ఎప్పుడు, ఏ బ్యాంకు నుంచి, ఏ ఖాతాకి అని అడిగారు. అన్నిటికంటే ముఖ్యం, మెసేజ్‌లో ఉండే 12 అంకెల రిఫరెన్స్ నంబరు. దాన్ని పట్టుకునే డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో వెతికి ఆపుతారు. దొంగలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మార్చేస్తూనే ఉంటారు, అందుకే ఆలస్యం పనికిరాదు.

ఆ దొంగలు చెప్పిందంతా బాబాయి డైరీలో రాసిపెట్టుకున్నారు. కేసు నంబరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, అన్నీ గుండ్రటి అక్షరాల్లో. ఆ దొంగ పేరు పక్కన 'గారు' అని కూడా ఉంది. చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఇంట్లో ఎవరం ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆ డైరీ బయటికి వచ్చేది కాదు.

ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఫిర్యాదు నంబరుతో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు, స్క్రీన్‌షాట్లు ఎక్కించాం. ఆ తర్వాత బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చాం, పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ అయింది. సగానికి పైగా సొమ్ము ఒక ఖాతాలో హోల్డ్ అయింది. హోల్డ్ అయినంత మాత్రాన చేతికి రాలేదు, మాకు కోర్టు ఆర్డర్ కావాల్సి వచ్చింది. నెలలు గడిచాక లోక్ అదాలత్‌లో ఆర్డర్ వచ్చింది, ఆ డబ్బు బాబాయి ఖాతాలో పడింది.

లోన్లు, క్రెడిట్ కార్డుల కాల్స్ ఆగడానికి బాబాయి ఫోన్ నుంచి 1909కి 'స్టార్ట్ 0' అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాను. అవి చాలావరకు తగ్గాయి. దొంగలు మామూలు నంబర్ల నుంచి చేస్తారు కాబట్టి దానితో వాళ్లు ఆగరు. అలాంటి కాల్ వస్తే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, అనుమానపు కాల్స్ గురించి చెప్పే 'చక్షు' విభాగంలో ఫిర్యాదు చేయడం పిన్ని నేర్చుకుంది. డబ్బు పోయాక మాత్రం చక్షు కాదు, 1930కే చేయాలి.

మిగిలిన సొమ్ము కోసం కేసు ఇంకా నడుస్తోంది.