టాయ్ హాలర్ గోడ లోపల ఏముంటుంది

అమెరికాలో ఉద్యోగం అనగానే మనవాళ్ళకు డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా గుర్తొస్తాయి. నేను పనిచేసేది ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ కౌంటీలో. మిచిగన్ సరిహద్దు పక్కనే ఉంటుంది. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు, వాటి మధ్య పొడవాటి రేకుల షెడ్లు. పికప్ ట్రక్కుకు తగిలించుకుని లాక్కెళ్ళే ట్రైలర్ ఇళ్ళనూ, ఇంజన్‌తో నడిచే మోటార్ హోమ్‌లనూ కలిపి ఇక్కడ ఆర్‌వీలు అంటారు. ఉత్తర అమెరికా మొత్తంలో తయారయ్యే ఆర్‌వీల్లో నూటికి ఎనభై దాకా ఈ కౌంటీలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ కట్టినవే. అలాంటి ఒక ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇంజనీర్‌ని. మా లైన్లో కట్టేది టాయ్ హాలర్లు.

టాయ్ హాలర్‌కి ముందు భాగం ఇల్లు, వెనక భాగం గ్యారేజీ. వెనక గోడ మొత్తం కిందికి వాలి ర్యాంపు అవుతుంది. దాని మీదుగా మట్టిలో, ఇసుకలో నడిపే డర్ట్ బైకులో, సైడ్ బై సైడ్ అనే నాలుగు సీట్ల చిన్న బండో లోపలికి ఎక్కించి, ఫ్లోరుకున్న రింగులకు బెల్టులతో బిగిస్తారు. ఊరు చేరాక బండ్లు దించేసి, పైకప్పుకు ఆనించి ఉన్న మంచాలను మోటారుతో కిందికి దించితే ఆ గ్యారేజీయే పడకగది. వంటిల్లు, బాత్రూము, ఏసీ, జనరేటర్, బండ్లలో పోసుకోవడానికి పెట్రోలు ట్యాంకు, అన్నీ అందులోనే. పెద్దవైతే కొత్తది లక్ష డాలర్లు దాటడం మామూలు. పదిహేను, ఇరవై ఏళ్ళ లోన్ల మీద కొంటారు.

ఇంత డబ్బు పోసి కొన్న బండి మొదటి ఏడాదిలోనే ఎందుకు కారుతుంది, అలమార తలుపు ఎందుకు ఊడుతుంది అని నాకు ఫోన్ చేసి అడిగేవాళ్ళు చాలామంది. వాళ్ళలో కొందరు జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు, పనివాళ్ళకు శ్రద్ధ లేదని. ఆ మాట నేను ఒప్పుకోను. రోజూ వాళ్ళ పక్కన నిలబడి చూస్తున్నవాణ్ణి కాబట్టి ఒప్పుకోను.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ. చిన్నప్పుడు సెలవుల్లో ఆ షెడ్లోనే ఉండేవాణ్ణి. ఛాసిస్ వచ్చి నిలబడిన రోజు నుంచి లారీ ఓనరు దాదాపు రోజూ వచ్చేవాడు. టీ తాగుతూ ప్రతి అడ్డకర్ర గురించీ వాదించేవాడు. ఇక్కడ ఇంకో బోల్టు వెయ్యి మేస్త్రీ, గ్రానైటు ఎక్కిస్తాను, అనేవాడు. పలక పగిలితే ఆ లారీ మళ్ళీ అదే షెడ్డుకు వచ్చేది, డ్రైవరు మా నాన్నను పేరు పెట్టి పిలిచి చూపించేవాడు. కట్టినవాడికీ వాడేవాడికీ మధ్య ఎవరూ ఉండేవారు కాదు.

ఇక్కడ కట్టేవాడు ఇండియానాలో, కొనేవాడు అరిజోనాలో. మధ్యలో కంపెనీ, డీలరు, బ్యాంకు. లైన్లో పనిచేసేవాళ్ళకు చాలా ఫ్యాక్టరీల్లో గంటల లెక్కన కాకుండా ముక్కల లెక్కన జీతం. ఇన్ని ట్రైలర్లు బయటికి వెళ్తే ఇంత అని టీమ్ మొత్తానికి వస్తుంది, దాన్ని పంచుకుంటారు. తెల్లవారుజామున ఐదు, ఆరు గంటలకు మొదలుపెట్టి, ఆ రోజు కోటా పూర్తికాగానే ఇంటికి వెళ్ళిపోతారు. మధ్యాహ్నం రెండు దాటితే షెడ్లు ఖాళీ. ఒక స్క్రూ సరిగా దిగలేదని ఎవరైనా ఆగి విప్పితే ఆ ఆలస్యం పక్క స్టేషన్ వాళ్ళ జేబులోంచి పోతుంది. ఎవరు ఆగుతారు?

మా వాళ్ళలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖ మనుషులు చాలామంది. ఇంటికి కరెంటు లైను పెట్టుకోరు, సొంత కారు ఉండదు, సైకిళ్ళ మీదో అద్దె వ్యాన్‌లోనో వస్తారు. చెక్కపనిలో వాళ్ళకు తరతరాల పనితనం ఉంది. అలమారలు బిగించే ఒకాయన తన ఇంటి వెనక కొట్టంలో చేసిన ఓక్ బల్ల నాకు చూపించాడు. కీలు కనిపించదు, అంచు మీద వేలు రాస్తే ఎక్కడా ఆగదు. అదే మనిషి ఫ్యాక్టరీలో స్టేపుల్ గన్‌తో నిమిషాల్లో ఒక అలమార ముగిస్తాడు. ఆ బల్లకు తను ఇచ్చిన సమయం ఇక్కడ ఎవరూ తనకు ఇవ్వరని చెప్పాడు. ఫిర్యాదులా చెప్పలేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

కట్టే వరస కూడా తెలుసుకోవాలి. ఛాసిస్ మీద ఫ్లోరు వేస్తారు. తర్వాత చాలా మోడళ్ళలో లోపలి గోడలు, అలమారలు, బాత్రూము ముందే నిలబెట్టేసి, బయటి గోడల్ని చివర్లో పక్కనుంచి తెచ్చి తగిలిస్తారు. పని త్వరగా అవుతుంది. కానీ ఏళ్ళ తర్వాత లోపల ఏదైనా వదులైతే దాన్ని పట్టుకున్న స్క్రూ బయటి గోడ వెనక ఉండిపోతుంది, చెయ్యి దూరదు. ఆ బయటి గోడ కూడా ఫైబర్ గ్లాసు పలచటి పొర, దాని వెనక మూడు మిల్లీమీటర్ల లువాన్ ప్లైవుడ్, ఫోమ్, అల్యూమినియం చట్రం, అన్నీ జిగురుతో అతికించిన పలక. కిటికీ అంచునుంచి ఒక చుక్క నీరు లోపలికి దిగిందంటే లువాన్ ఉబ్బుతుంది, ఫైబర్ గ్లాసు బుడగలా పైకి లేస్తుంది. డీలామినేషన్ అంటారు. ఒకసారి లేచాక దాన్ని పూర్తిగా బాగుచెయ్యడం చాలా ఖర్చు. కొన్ని కంపెనీలు లువాన్‌కి బదులు నీటికి ఉబ్బని కాంపొజిట్ షీటు వాడుతున్నాయి. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నా అభిప్రాయం. సోఫా రంగు, టీవీ సైజు తర్వాత చూసుకోవచ్చు.

మామూలు ట్రైలర్ కంటే టాయ్ హాలర్‌కి కష్టం ఎక్కువ. నాలుగు గోడలున్న పెట్టె మెలితిరగదు. ఒక గోడ తీసేసి అక్కడ తలుపు పెడితే తిరుగుతుంది. టాయ్ హాలర్‌కి వెనక గోడ లేదు, ఉన్నది ర్యాంపు. పక్క గోడల్లో స్లైడ్ అవుట్ల కోసం, అంటే ఆగినప్పుడు గదిలో కొంత భాగం బయటికి జరగడం కోసం, పెద్ద పెద్ద కంతలు కోస్తారు. దాని మీద ముప్పావు టన్ను బండి ఎక్కి దిగుతూ ఉంటుంది. గోతుల రోడ్డు మీద ఆ పెట్టె కాస్త కాస్త ఊగిన ప్రతిసారీ పైకప్పు మూలల్లో సీలెంట్ తెగుతుంది, ర్యాంపు కింది మూలల్లో రబ్బరు బీడింగ్ పక్కకు జరుగుతుంది. నీళ్ళు మొదట దిగేది అక్కడే.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద ఎంత సామాను వెయ్యొచ్చో రాసి ఉంటుంది. 3,000 పౌండ్లు అని ఉందనుకోండి. చాలా ఎక్కువ అనిపిస్తుంది. నీళ్ళ ట్యాంకు 100 గ్యాలన్లు నింపితే 830 పౌండ్లు. సైడ్ బై సైడ్ బండి 1,800. దానికి 30 గ్యాలన్ల పెట్రోలు ఇంకో 180. మొత్తం 2,810 అయింది. ఇక మిగిలింది 190 పౌండ్లు, అంటే 86 కిలోలు. అందులోనే నలుగురి బట్టలు, గిన్నెలు, బియ్యం, కుర్చీలు, టూల్ బాక్సు, హెల్మెట్లు ఇమడాలి. ఇమడవు. అందరూ దాటేస్తారు. అప్పుడు యాక్సిల్ వంగినా, టైరు పేలినా తప్పు ఓనరుదే అంటారు. గ్యారేజీ ఉన్న బండి అని అమ్మి, గ్యారేజీ నింపితే పళ్ళెం కూడా పెట్టుకోలేనంత తక్కువ లెక్క ఇవ్వడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. మీటింగుల్లో ఆ మాట చెప్పాను, చెబుతూనే ఉంటాను.

బరువు ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. ట్రైలర్‌ని ట్రక్కుకు తగిలించే చోటును హిచ్ అంటారు. దాని మీద ట్రైలర్ బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు పడాలి. పికప్ తొట్టిలో తగిలించే ఫిఫ్త్ వీల్ రకం అయితే 20 నుంచి 25. గ్యారేజీలో బండి ఎక్కితే ఆ బరువు యాక్సిల్స్ వెనక పడి ముందు భాగం తేలికవుతుంది. మరీ తేలికైతే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. గ్యారేజీ ఖాళీగా ఉన్నప్పుడు దీనికి రివర్సు, ట్రక్కు వెనక టైర్ల మీద బరువు ఎక్కువ పడుతుంది. అందుకే ఓనర్లు ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి తూకం వేయించుకోవాలి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో తూకం ఉంటుంది, కొద్ది డాలర్లే.

మా అబ్బాయికి డర్ట్ బైకుల పిచ్చి. ఇక్కడికి దగ్గర్లో, మిచిగన్‌లోని బుకానన్‌లో రెడ్‌బడ్ అనే మోటోక్రాస్ ట్రాక్ ఉంది, జులై నాలుగు సెలవులకు ఊరంతా అక్కడే. కాస్త దూరంలో సిల్వర్ లేక్ ఇసుక దిబ్బలు. వాడి కోసం పాత టాయ్ హాలర్ ఒకటి తీసుకున్నాను, వెనక మూల ఫ్లోరు మెత్తబడిందని తెలిసే, ఆ మేరకు ధర తగ్గించుకునే. ఏ కంపెనీదో ఇక్కడ అక్కర్లేదు. వేసవిలో ఆ మూల విప్పాను. అల్యూమినియం ట్రిమ్ కింద వరసగా స్క్రూలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి వెనక కర్రే లేదు. కర్ర ఒక అంగుళం పక్కనుంది. కింద నీళ్ళు దిగకుండా వేసే బ్యూటిల్ టేపు మూల దాకా రాకుండానే ఆగిపోయింది. నీళ్ళు అక్కణ్ణుంచి దిగి ప్లైవుడ్‌ని అటుకుల్లా చేశాయి.

వీడియో కాల్‌లో నాన్నకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు.

"కర్ర ఇటుంటే స్క్రూ అటు దిగిందేంట్రా? మూలకి యాంగిల్ పట్టీ ఏదీ?"

"పట్టీ లేదు నాన్నా. డ్రాయింగ్‌లోనే లేదు."

"ఎవరు కట్టార్రా దీన్ని?"

ముక్కల లెక్కన జీతం సంగతి, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళే సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "రోజుకిన్ని లారీలు తోస్తే ఇంత అని మాకు డబ్బులిచ్చుంటే, మేమూ ఇలాగే కట్టేవాళ్ళం రా," అన్నాడు. నలభై ఏళ్ళు ఆ పని చేసిన మనిషి మాట అది. తర్వాత ఆ మూలకి ఎంత మందం పట్టీ వెయ్యాలో, బోల్టు ఏ పక్కనుంచి దూర్చాలో వివరంగా చెప్పాడు. అలాగే వేశాను.

కరోనా తర్వాత జనం విమానాలు మానేసి ఆర్‌వీల మీద పడ్డారు. 2021లో పరిశ్రమ మొత్తం 6,00,240 బండ్లు పంపింది, అంతకుముందెప్పుడూ అన్ని లేవు. పక్క ఫ్యాక్టరీ రెండు డాలర్లు ఎక్కువిస్తే మనుషులు సాయంత్రానికి మారిపోయేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళకు నేర్పే తీరిక ఎవరికీ లేదు. 2023కి ఆ సంఖ్య 3,13,174కి పడిపోయింది. షిఫ్టులు తగ్గాయి, మనుషుల్ని తీసేశారు. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి అరవై రోజుల గడువు. ఆ టెన్షన్ మనసులో పెట్టుకుని, ఇది పంపడానికి వీల్లేదని ట్రైలర్‌కి ఎర్ర ట్యాగ్ కట్టాలి. కట్టాను. సూపర్‌వైజర్లు మొహం ముడుచుకున్నా కట్టాను. ఎందుకంటే వారంటీ ఫోటోలు వచ్చేది నా టేబుల్ మీదికే. తడిసిన పరుపు, పక్కన పిల్లల బొమ్మలు, నిన్ననే కొన్నాం అని రాసిన ఉత్తరం.

నా మాట నడిస్తే రెండు పనులు చేయిస్తాను. ముక్కల లెక్కలో ఒక భాగం, మొదటి ఏడాది వారంటీకి రాని బండ్లను బట్టి ఇవ్వాలి. ఆ ఓక్ బల్ల చేసిన చెయ్యికి సమయం కొనిచ్చినట్టవుతుంది. రెండు, ప్రతి ట్రైలర్‌నీ గాలి ఒత్తిడి పరీక్షకు పెట్టాలి. పైకప్పు వెంటులో ఫ్యాను బిగించి లోపలికి గాలి నింపి, బయట సబ్బునీళ్ళు చల్లితే కంత ఉన్న ప్రతిచోటా బుడగ వస్తుంది. దానికి పట్టేది కొద్దిసేపే, ఆపే నష్టం వేల డాలర్లది.

అంతవరకూ కొనేవాళ్ళే ఆఖరి ఇన్‌స్పెక్టర్లు. వారంటీ ఎక్కువ కంపెనీలది ఒక్క ఏడాదే, రిపేరుకి ఇస్తే సీజనంతా డీలరు దగ్గరే ఉండిపోయే అవకాశం ఉంది. అందుకే సంతకానికి ముందే పట్టుకోవాలి. నిచ్చెన ఎక్కి పైకప్పు సీలెంట్ చూడండి. ర్యాంపు కింది మూలల్ని బొటనవేలితో నొక్కండి. టైరు మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి, 2321 అంటే 2021లో ఇరవై మూడో వారం. నీళ్ళ పంపు వేసి వదిలేసి, సింకు కింద టార్చి వెయ్యండి. గ్యారేజీలో పెట్రోలు వాసన కొద్దిగా వచ్చినా అక్కడితో ఆపెయ్యండి, అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. కొన్నాక మూడు నెలలకోసారి సీలెంట్ చూసుకోవాలి, చలికాలం ముందు పైపులు గడ్డకట్టి పగలకుండా వాటిలో గులాబీరంగు యాంటీఫ్రీజ్ పొయ్యాలి.

హ్యూస్టన్‌లో ఉండే మా బావమరిది పోయిన వేసవిలో కొత్తది కొన్నాడు. నేను పంపిన జాబితాతో రోజంతా డీలరు దగ్గరే కూర్చున్నాడు. రెండు లీకులు, బిగించని ఒక ఫ్లోరు రింగు దొరికాయి. "బావా, వీళ్ళు సంతకం పెట్టెయ్యి, తర్వాత చేసిస్తాం అంటున్నారు," అని ఫోన్ చేశాడు. పెట్టొద్దన్నాను. అవి సరిచేసి, నీళ్ళు కొట్టి చూపించిన తర్వాతే డబ్బు కట్టాడు.