ప్రోబయోటిక్ పరీక్ష: వలయం వచ్చాక మొదలైన అసలు పని

నా పరిశోధనాంశం చెప్పుకోవడానికి తేలికే. దూడల పేడలో ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాను వేరుచేయాలి, వాటిలో మందులకు లొంగని రోగకారక క్రిములను అడ్డుకుని, ప్రోబయోటిక్‌గా, అంటే ఒంటికి మేలుచేసే బ్యాక్టీరియాగా పనికొచ్చేవి ఏవో తేల్చాలి. అడ్డుకోవాల్సినవి రెండు: మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కు లొంగని స్టెఫిలోకాకస్ ఆరియస్, మూడో తరం సెఫలోస్పోరిన్లనే యాంటీబయోటిక్‌లను సైతం విరిచేసే ఎంజైము ఉన్న ఈ.కోలై. రెండూ అటు పశువుల్లోనూ ఇటు మనుషుల్లోనూ తిరిగేవే. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. అందుకే ఈ రంగంలో ఆశ ఎక్కువ, తొందర ఇంకా ఎక్కువ.

వేరుచేయడం వరకు పెద్ద ఇబ్బంది లేదు. బ్యాక్టీరియాను పెంచే ఎంఆర్ఎస్ అనే పోషక మాధ్యమం 1960 నుంచీ ఉంది, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా దాని మీద హాయిగా పెరుగుతుంది. ఆ తర్వాత ప్లేట్ల పని. ప్లేటులో జెల్లీలా గట్టిపడిన అగర్ మీద రోగకారక క్రిమిని పలచగా పరిచి, చిన్న గుంటలు చేసి, మన బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వాటిలో పోసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. మర్నాడు తీసి చూస్తే మసక పొర నడుమ, గుంటల చుట్టూ తేటగా వలయాలు. ఆ క్రిమి అక్కడ పెరగలేదన్నమాట. నేను ఫొటోలు తీసుకుని మా గైడ్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ప్లేటును వెలుతురుకు ఎత్తి చూసి, “పుల్లటి నీళ్లు పోసినా వలయం వస్తుందమ్మా. ఆమ్లం సంగతి తేల్చుకుని రా” అన్నారు.

ఆవిడ మాట నిజమే. ఈ బ్యాక్టీరియా పెరిగిన ద్రవం పీహెచ్ 4 దగ్గరికి పడిపోతుంది. ఆ పులుపులో లాక్టిక్ ఆమ్లంలో చెప్పుకోదగ్గ భాగం అయాన్లుగా విడిపోకుండా ఉంటుంది కాబట్టి సులువుగా కణత్వచం దాటి లోపలికి వెళ్లి క్రిమిని కుంగదీస్తుంది. కనుక ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరినదాన్ని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి, సోడియం హైడ్రాక్సైడ్‌ను బొట్టు బొట్టుగా కలుపుతూ పీహెచ్‌ను 6.5కు తెచ్చాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ పని కాదని తేల్చుకోవడానికి దాన్ని విరిచేసే కాటలేజ్ ఎంజైము కూడా కలిపాను. ఈసారి ఈ.కోలై ప్లేట్ల మీద ఒక్క వలయమూ మిగల్లేదు. స్టెఫిలోకాకస్ ప్లేట్ల మీద మాత్రం మా బ్యాక్టీరియాలో రెండు రకాల వలయాలు నిలబడ్డాయి.

ఆ రెండింటి ద్రవంలో పనిచేస్తున్న పదార్థం ఏమిటో చూడటానికి చేసిన పరీక్షే ఈ మొత్తంలో నాకు బాగా నచ్చినది. గుంట పక్కన, కాస్త ఎడంగా, ప్రోటీన్లను ఛేదించే ప్రోటీనేజ్-కె చుక్క ఒకటి పెడతాం. గుంటలోంచి వ్యాపిస్తున్నది ప్రోటీన్ అయితే ఆ వైపున నాశనమైపోతుంది, క్రిమి అటు పెరుగుతుంది. మర్నాడు గుండ్రటి వలయం ఒక పక్క కొరికేసిన అప్పడంలా కనిపించింది. అంటే అది బ్యాక్టీరియోసిన్, ఒక బ్యాక్టీరియా తన పొరుగువాళ్ల మీద ప్రయోగించే చిన్న ప్రోటీన్. ఈ.కోలై ఎందుకు తప్పించుకుందో కూడా దీనితో అర్థమైంది. దానికి బయట ఇంకో త్వచం ఉంటుంది, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా తయారుచేసే బ్యాక్టీరియోసిన్లు చాలావరకు దాన్ని దాటలేవు.

అయితే ప్లేటుకు కనిపించనివీ ఉన్నాయి. వయసొచ్చిన కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాను అప్పుడే పొదిగిన పిల్లలకు పట్టిస్తే సాల్మొనెల్లా నిలదొక్కుకోలేదని నుర్మి, రాంటాలా 1973లోనే చూపించారు. అక్కడ చోటు, ఆహారం ముందే ఆక్రమించడమూ ఒక ఆయుధం. దాన్ని గుంటతో కొలవలేం. 2018లో బయటపడ్డ ఇంకో సంగతి మరీ చిత్రం: కొన్ని బాసిల్లస్ జాతులు ఫెంజైసిన్ అనే పదార్థంతో స్టెఫిలోకాకస్ తమలో తాము పంపుకునే సంకేతాలను ఆపేస్తాయి. క్రిమిని చంపనే చంపవు, పేగులో కాపురం చేయనీయవు, అంతే. వలయాల సైజు చూసి ప్రోబయోటిక్‌ను ఎంచుకునే పద్ధతి మీద నాకు అంత గౌరవం లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఆమ్లాన్ని, పిత్తరసాన్ని తట్టుకునే పరీక్షలను మా బ్యాక్టీరియా రకాలు రెండూ దాటాయి. అసలు చిక్కు ఆ తర్వాత. మందులకు లొంగని క్రిముల మీదకు మనం పంపే బ్యాక్టీరియా, తానే లొంగని జన్యువులను మోసుకెళ్తుంటే? వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్‌కు రెండూ లొంగలేదు. దానికి బెంబేలెత్తనక్కర్లేదు. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలో ఒక వర్గమైన లాక్టోబాసిల్లస్‌లలో చాలావాటికి అది పుట్టుకతో వచ్చిన లక్షణం. వాంకోమైసిన్ పట్టుకోవాల్సిన చోట కణకుడ్యం నిర్మాణమే వేరుగా ఉంటుంది, ఆ గుణం పక్కవాటికి సంక్రమించదు.

టెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయోటిక్ సంగతి అలా కాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఈ జాతికి పెట్టిన హద్దు లీటరుకు 32 మిల్లీగ్రాములు; అంతకు మించిన మందులోనూ పెరిగితే లొంగనిదని లెక్క. పెద్ద వలయం ఇచ్చిన రకం 128లోనూ పెరిగింది. జన్యువులను వెతికిపట్టే పీసీఆర్ పరీక్షలో, టెట్రాసైక్లిన్‌కు లొంగకుండా చేసే టెట్-ఎం జన్యువు కనిపించింది. ఆ రకాన్ని, టెట్రాసైక్లిన్‌కు లొంగే ఎంటెరోకాకస్ అనే వేరే బ్యాక్టీరియాను ఒకే ఫిల్టర్ కాగితం మీద కలిపి పెంచి, తర్వాత టెట్రాసైక్లిన్ ఉన్న ప్లేటు మీద వేశాం. ఎంటెరోకాకస్ కాలనీలు వచ్చాయి. జన్యువు చేతులు మారింది.

ఆ జన్యువును తీసేసి రకాన్ని శుభ్రం చేసుకోవచ్చు కదా అన్న ఆలోచన నాకు వచ్చింది. లోగడ అలాంటిది జరిగింది కూడా. లాక్టోబాసిల్లస్ రూటెరీ జాతిలో ప్రసిద్ధమైన ఒక రకంలో ఇటువంటి జన్యువులున్న ప్లాస్మిడ్లు, అంటే క్రోమోజోమ్‌కు బయట విడిగా ఉండే డీఎన్ఏ వలయాలు, రెండు దొరికితే, వాటిని వదిలించి డీఎస్ఎం 17938 అనే రకాన్ని తయారుచేశారు. కానీ మాది ప్లాస్మిడ్ మీద లేదు. టీఎన్916 కోవకు చెందిన గెంతే జన్యుఖండంలో, క్రోమోజోమ్ లోపల కూర్చుని ఉంది. దాన్ని వదిలించడం అంత తేలిక కాదు. పక్కన పెట్టేశాం.

ఇప్పుడు మిగిలింది రెండో రకం. దాని వలయం చిన్నది, టెట్రాసైక్లిన్‌కు మామూలుగా లొంగుతుంది. పూర్తి జన్యుక్రమం చదివించడానికి పంపాం. అందులో దాగిన నిరోధక జన్యువులేవీ బయటపడకపోతేనే దూడల మీద పరీక్షకు అనుమతి అడుగుతాం.